మూడో సొరంగం వాడకు పిలుపు

స్వాతంత్ర్యం వచ్చిన రెండో ఏడు, సోమవారం. గదిలో పదహారు డిగ్రీలు.

వారాల పేర్లు రద్దయ్యాయి. అవి కంపెనీ పాలన నాటివట. ఇకమీదట సోమవారాన్ని ‘మొదటి శ్రమదినం’ అనాలట. చంద్రుడు కంపెనీలో ఎప్పుడు పనిచేశాడో నాకు తెలియదు. నేను సోమవారం అనే రాస్తాను.

ఇడ్లీపిండి మళ్లీ పొంగలేదు. అంగారకుడి నేల కింద, ఇంత చలిలో పొంగే పిండిని దేవుడు ఇంకా పుట్టించలేదు. గొట్టం మీద పేరుకున్న మంచు గీకి, కాచి, ఆ నీళ్లతో రొట్టెలు చేశాను. కంపెనీ ఉన్న రోజుల్లో వాడల్లో ఇరవై రెండు డిగ్రీలుండేది. కంపెనీ మా చేత మంచు తవ్వించింది, మా మగవాళ్లను మూడో సొరంగంలో పూడ్చిపెట్టింది, కానీ వెచ్చగా ఉంచింది. వణికే చేతికి గునపం సరిగా పట్టు దొరకదని దానికి తెలుసు. ఇప్పుడు ఆ వేడంతా స్వాతంత్ర్య మంటపానికి పోతోంది. అది అద్దాల కట్టడం. చల్లబడితే అద్దాలకు మంచు పట్టి లోపలున్న అధ్యక్షుడి విగ్రహం కనిపించదట. దేశ గౌరవం నిలవడానికి ఇరవై ఆరు డిగ్రీలు కావాలి. దేశానికి పదహారు చాలు.

నిన్న మంటపంలో స్వాతంత్ర్య వేడుక. ఉదయమే ప్రతి ఇంటి గోడా మాట్లాడింది. “కొత్తకోన పౌరులందరికీ సాదర ఆహ్వానం. దీన్నే మిమ్మల్ని స్వయంగా పిలిచినట్టుగా భావించగలరు.”

ఎవరూ భావించలేదు. గోడ పొద్దున లేస్తే మరుగుదొడ్ల వంతులు కూడా చెబుతుంది. దాన్ని పిలుపంటే ఎలా? ఇక్కడ పెళ్లయినా, బారసాలైనా, ఆ ఇంటి ఆడమనిషి గుమ్మంలోకి వచ్చి బొట్టు పెట్టి ‘తప్పకుండా రావాలి’ అనాలి. అలా అంటే కాలు విరిగినవాళ్లు కూడా కుటుంబంతో సహా వెళతారు. అనకపోతే పక్కింట్లో పెళ్లి జరుగుతున్నా తలుపు వేసుకుంటారు. భూమ్మీద మా తాతల ఊళ్లలోనూ ఇంతేనట. ఇక్కడికి వచ్చాక వేరే కాలక్షేపం లేక ఇంకా ముదిరింది.

అధ్యక్షుడు గున్నేశ్వరరావు ఖాళీ కుర్చీలకు ప్రసంగించాడు. ఈయన నా బడిలో ఐదేళ్లు చదివిన గున్నయ్యే. అప్పుడు కూడా తరగతిలో ఎవరూ లేనప్పుడే పద్యం బాగా అప్పజెప్పేవాడు.

బుధవారం. పదిహేను.

వేడి హక్కుల పోరాట సమితి నాయకుడు తవిటినాయుడు వచ్చాడు. పోరాటం పని మీద కాదు, వేడినీళ్లకు. ఇతనూ నా శిష్యుడే.

“జనంలో చైతన్యం నేదు పంతులమ్మగారూ,” అన్నాడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. “నిన్న సభెడితే నలుగురొచ్చారు. ఒకడు మా బావమరిది. ఇంకొకడు గోడ రిపేరుకొచ్చినోడు.”

నా మనవరాలు సంపూర్ణ పని నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటోంది. గాలి గదిలో జల్లెడలు శుభ్రం చేసే ఉద్యోగం. నా కూతురి కూతురు. తల్లి జ్వరంతో పోయింది. తండ్రి నేల మీది పై స్థావరంలో మూడేళ్లు పనిచేసి, ఊపిరితిత్తులు అక్కడే వదిలి, దగ్గొక్కటీ వెంట తెచ్చుకుని, ఏడాదిలో పోయాడు. పిల్ల నా చేతుల్లోనే పెరిగింది.

“బాబాయ్, వాళ్లని పిలిచావా?” అంది.

“ఊరంతా ఇనిపించేలాగ పిలిసినాను. గోడ మీద మూడుసార్లు ఏయించినాను.”

“ఏమని?”

“పీడిత ప్రజలారా, కదలి రండి. దీన్నే మిమ్మల్ని స్వయంగా...”

సంపూర్ణ మొహం తిప్పుకుంది. నేను తిప్పుకోలేదు, తిన్నగానే చూశాను. ప్రభుత్వానికీ పోరాటానికీ ఒకే గోడ, ఒకే వాక్యం. గున్నయ్య, తవిటయ్య ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఒకరి పలక చూసి ఒకరు రాసే అలవాటు ఇంకా పోలేదు.

“నేను పిలుస్తాను,” అంది సంపూర్ణ. “ఏం చెప్పాలి?”

తవిటినాయుడు పదకొండు డిమాండ్లు చదివాడు. ఏడో డిమాండు దగ్గర నాకు కునుకు పట్టింది.

“అదంతా ఎవరు వింటారు? శుక్రవారం మంటపంలో కూర్చుందాం, వెచ్చగా ఉంటుంది, తప్పకుండా రండి. అంతే అంటాను.”

“అది రాజకీయం ఎలాగవుతాదమ్మా?” అన్నాడతను బాధగా.

గురువారం. పదిహేను.

కుంకుమకు ఇక్కడ లోటు లేదు. సొరంగం గోడ గోకితే ఎర్రటి ధూళి రాలుతుంది. సంపూర్ణ దాన్ని గాలి గది జల్లెడలో పట్టి, చుక్క నూనె కలిపింది. సర్కారు జల్లెడను సొంత పనికి వాడటం తప్పని చెప్పాను. విన్నది, వాడింది. పొద్దున్నే డబ్బా పట్టుకుని వాడల మీద పడింది.

మధ్యాహ్నం పక్కింటి పోలమ్మ వచ్చింది. వచ్చి పీట మీద కూర్చుంది. నుదుట ఎర్రగా రూపాయి కాసంత బొట్టు.

“ఏమిటిది?” అన్నాను.

“మీ సంపూర్ణే. నాను గుమ్మంలో గొట్టం గీకుతన్నాను. వొచ్చింది, ఎట్టింది. శుక్రవారం తప్పకుండా రావాల పిన్నీ అంది. ఎల్లిపోయింది. తుడిసీమంటారా?”

పోలమ్మ భర్త, నా భర్త, ఈ వాడలో మా ఈడు ఆడవాళ్లందరి భర్తలూ ఒకే రోజు మూడో సొరంగంలో ఉండిపోయారు. కంపెనీ మమ్మల్నందరినీ తెచ్చి ఆ సొరంగం మొగదాలనే గదులిచ్చింది, దగ్గరగా ఉంటుందని. భర్త పోయిన ఆడదానికి బొట్టు పెట్టి పిలవరు. ఇరవై రెండేళ్లుగా పిలుపు మా వాడ మలుపు దాకా వచ్చి, కోడళ్లుంటే వాళ్లను పిలుచుకుని, వెనక్కి పోయేది. నాకు కొంత నయం. ప్రధానోపాధ్యాయురాలిని కాబట్టి బడి వేడుకలకు బొట్టుకు బదులు ఉత్తర్వు పంపేవారు.

“తుడిచేస్తే పిలుపు తిరగ్గొట్టినట్టవుతుంది,” అన్నాను. “మర్యాద కాదు.”

“నానూ అదే అనుకున్నాను,” అంది పోలమ్మ. అని ఇంటికి వెళ్లకుండా వాడ చివరిదాకా నడిచి మళ్లీ వచ్చింది. పని ఏమీ లేదు. మొహం నలుగురికీ కనిపించాలని.

సాయంత్రం సంపూర్ణ ఖాళీ డబ్బాతో వచ్చింది. ఐదో వాడకు వెళ్లకుండానే పొడి అయిపోయిందట.

“ఎవరెవరికి పెట్టావు?”

“అందరికీ. గుమ్మంలో ఆడవాళ్లు ఎంతమంది ఉంటే అంతమందికీ. అలా కాదా అమ్మమ్మా?”

నాలుగో వాడ పెళ్లిలో దూరం నుంచి చూసి నేర్చుకుంది. మా గుమ్మానికి ఏ పిలుపూ రాలేదు కనుక ఎవరిని పిలవకూడదో తెలిసే అవకాశం రాలేదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, తప్పు జవాబును దిద్దకుండా వదిలిన రోజు లేదు.

“అలాగే,” అన్నాను.

నన్ను మాత్రం పిలవలేదు. అడిగితే, “ఇంట్లో వాళ్లని పిలుస్తారా అమ్మమ్మా, రావడమే కదా,” అంది. నియమం ప్రకారం ఆమె మాట సరైనదే. కానీ పిలిచినవాళ్లు వెళ్లే చోటికి పిలవకుండా వెళ్లడం నాకు చేతకాదు.

శుక్రవారం. పద్నాలుగు.

తిరుగుబాటు జరిగింది. నేను ఇంట్లో కూర్చుని గోడ ద్వారా విన్నాను.

గోడ చెప్పినదాని ప్రకారం దేశద్రోహులు మంటపం మీదికి దండెత్తారు. పోలమ్మ చెప్పినదాని ప్రకారం, మూడో సొరంగం వాడ ఆడవాళ్లు పెట్టెల్లో ఉన్న మంచి చీరలు తీసి కట్టుకుని ముందు నడిచారు. ఇరవై రెండేళ్ల మడతలవి, చీరలు కూడా సరిగా విప్పుకోలేదట. వెనక మిగతా వాడలు. కాపలావాడు తలుపు తీయనన్నాడు. వాళ్ల పెద్దమ్మ ముందు వరసలో ఉంది. “ఒరే, బొట్టెట్టి పిలిస్తే వొచ్చినాను, నువ్వు తలుపేస్తావేట్రా?” అంది. తీశాడు. లోపలికి వెళ్లి కూర్చున్నారు. అంతే తిరుగుబాటు. కొందరు నిద్రపోయారు. తవిటినాయుడు పదకొండు డిమాండ్లూ చదివాడు. వెచ్చగా ఉంది కనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఏడాదిగా చలి ఉంది. సమితి కరపత్రాలూ ఏడాదిగా ఉన్నాయి. ఒక్కరూ కదలలేదు. ఇది చరిత్రకారుల కోసం రాసి పెడుతున్నాను. వాళ్లు చలి అనీ కరపత్రమనీ రాస్తారు కాబట్టి.

ఐదో వాడ వాళ్లు సాయంత్రానికల్లా ప్రభుత్వానికి మద్దతు ప్రకటించారు. వాళ్లకూ పద్నాలుగు డిగ్రీలే. “మమ్మల్ని మనుసులనుకున్నారేటి? వాడవాడా తిరిగి మా కాడికొచ్చేసరికి కాళ్లు నొప్పెట్టాయేటి?” అని వాళ్ల పెద్దామె కూర్మమ్మ గోడలో అంది. కొత్తకోనలో అధికార పక్షం ఈ విధంగా పుట్టింది.

రాత్రి దీపాలు వేసే వేళకు మంటపం ఖాళీ చేయించారు. సంపూర్ణను తీసుకుపోయారు. తవిటినాయుణ్ణి తీసుకుపోలేదు. ప్రమాదకరమైన మనిషి కాదని ప్రభుత్వానికి తెలుసు.

ఆదివారం. పద్నాలుగు.

విచారణాధికారి వచ్చాడు. కుర్రవాడు. నా దగ్గర చదువుకోలేదు కాబట్టి పేరు రాయడం లేదు. తిరుగుబాటులో జనం ఎందుకు చేరారో తేల్చాలట. చేతిలోని పలకలో నాలుగు కారణాలున్నాయి: విదేశీ హస్తం, ఆకలి, సిద్ధాంతం, మోసపోవడం. ఎక్కువమంది ‘మోసపోయాం’ అంటే మోసం చేసినది సంపూర్ణ అవుతుంది. ఆ నేరానికి పై స్థావరంలో మూడేళ్లు. వచ్చే శనివారమే లిఫ్టు ఎక్కిస్తారు.

“వాళ్ల నాన్న చేసిన మూడేళ్లేనా?” అన్నాను.

“చట్టం కంపెనీ వాళ్లదేనమ్మా. పేరొక్కటే మార్చాం,” అన్నాడు. నిజాయితీ ఉన్న కుర్రవాడు.

పోలమ్మను మా ఇంట్లోనే అడిగాడు.

“ఎందుకు వెళ్లారు?”

“పిలిసింది.”

“ఏమిస్తానంది?”

“బొట్టెట్టింది బాబూ.”

“అది కాదు. ఏం ఆశపెట్టింది?”

“ఆశేటి? రమ్మంది, ఎల్లాను. నువ్వు సుట్టాలింటికి ఆశెట్టుకునెల్తావేటి?”

“చలి భరించలేక వెళ్లారా?”

“సలి ఏడాదిబట్టి ఉంది. నువ్విప్పుడొచ్చి అడుగుతున్నావు.”

“సిద్ధాంతం?”

“ఆ పిల్లెవుల్దో నాకు తెల్దు. ఆల్లింటి నుంచెవులూ రానేదు.”

అతను పలక వైపు చూశాడు. ఐదో గడి లేదు. “పోనీ, మోసపోయారని వేయనా?”

పోలమ్మ నుదురు ముట్టుకుంది. బొట్టు అక్కడే ఉంది. మూడు రోజులుగా మొహాన్ని పక్కపక్కల నుంచి మాత్రమే కడుగుతోంది.

“నన్నెవులూ మోసం సేయనేదు. ఇరవై రెండేళ్లు సేసినోల్లని రాసుకుంటావా? రాసుకో, సెప్తాను.”

రాసుకోలేదు. గడి లేదు కదా.

గురువారం. పదమూడు.

గున్నయ్యకు తెలివి వచ్చింది. సగమే వచ్చింది. అది మరీ ప్రమాదం.

శనివారం మంటపంలో సయోధ్య సభ పెట్టాడు. ఈసారి గోడ చేత పిలిపించలేదు. భార్య రాజేశ్వరి చేతికి వెండి కుంకుమ భరిణె ఇచ్చి, ఆచారం తెలిసిన పెద్దావిణ్ణి తోడిచ్చి, వాడవాడకూ పంపాడు. జనం సభకు వస్తే, అదే వేళకు పక్క సొరంగంలో లిఫ్టు పైకి పోతుంది. పోలమ్మ కోడలు గౌరి లిఫ్టు గదిలో పనిచేస్తుంది. ఆమే చెప్పింది.

రాజేశ్వరి మంచి పిల్ల. మెత్తని మాట. ఐదో వాడ నుంచే మొదలుపెట్టింది. పొద్దెక్కాక మా వాడకు వచ్చింది.

నేను గుమ్మంలోనే ఉన్నాను. పోలమ్మ, గౌరి వాళ్ల గుమ్మంలో ఉన్నారు. భరిణె మూత తీయగానే పోలమ్మ ఒక అడుగు ముందుకు వేసి తల కాస్త వంచింది. వారం కిందట నేర్చుకున్న పని. పాత బొట్టు నిన్నటికి చెరిగిపోయింది. రాజేశ్వరి వేలు పోలమ్మ చెంప పక్కనుంచి వెళ్లి వెనకున్న కోడలి నుదుటిని తాకింది. “తప్పకుండా రావాలమ్మా,” అంది.

పోలమ్మ వంచిన తల వెంటనే ఎత్తలేదు. కింద ఏదో పడిపోయినట్టు వెతికింది. ఏమీ పడలేదు.

“పోలమ్మ కూడా గుమ్మంలోనే ఉంది,” అన్నాను.

రాజేశ్వరి మొహం ఎర్రబడింది. “మీకు తెలీనిదా పంతులమ్మగారూ. ఆచారం కదా. నేను కొత్తగా తప్పితే బాగుండదు.”

“నాకు తెలుసు. మా మనవరాలికే తెలియదు. అందుకే జైల్లో ఉంది.”

వాళ్లు మలుపు తిరిగాక గౌరి లోపలికి వెళ్లి మొహం కడుక్కుంది. ఈ చలిలో, గొట్టం నీళ్లతో మొహం కడుక్కోవడం చిన్న విషయం కాదు. సాయంత్రానికి వాడలన్నింటా నీళ్లు పోసిన చప్పుడు వినిపించింది. ప్రతి ఇంట్లోనూ పిలిచిన కోడలు ఒకతె, పిలవని అత్త ఒకతె. లేదా పిలిచిన కూతురు, పిలవని తల్లి. సంపూర్ణ తెలియక చేసిన పని వీళ్లను ఒక పూట మంటపానికి తీసుకెళ్లింది. గున్నయ్య తెలిసి చేసిన పని ఏం చేస్తుందో చూడాలి.

శనివారం. పన్నెండు. రాత్రికి రాస్తున్నాను.

నిన్న సాయంత్రం సొరంగం గోడ గోకాను. జల్లెడ లేదు, పాత పంచె గుడ్డలో పట్టాను. పొద్దున్నే సంపూర్ణ డబ్బా తీసుకుని బయలుదేరాను. ఎలా చూసినా ఇది తప్పే. భర్త పోయినదాన్ని, నా చేత్తో ఎవరికీ బొట్టు పెట్టకూడదు.

మా వాడలో ఇబ్బంది లేకపోయింది. “సంపూర్ణను పైకి తీసుకుపోతున్నారు, లిఫ్టు దగ్గర కూర్చుందాం, తప్పకుండా రావాలి,” అన్నాను. పోలమ్మ, “ఈసారి శాన్నాళ్లుండేలాగెట్టండి,” అంది.

తరవాత ఐదో వాడ. కూర్మమ్మ తలుపు సగమే తీసింది.

“మీ మనవరాలికి మేం గుర్తు రానేదు.”

“పొడి అయిపోయింది. తప్పు మాది. అందుకే పెద్దదాన్ని నేనే వచ్చాను.”

“మొన్న అధ్యచ్చుడి పెళ్లాం పిలిసింది మమ్మల్ని.”

“నిన్ను పిలిచిందా?”

కూర్మమ్మ భర్త కూడా పోయి ఏడేళ్లయింది. పిలిచింది ఆమె కోడలిని. తలుపు మిగతా సగం తీసి, “ఎట్టండి మరి,” అంది. “పిలిసేక రాకపోతే మీరే మల్లీ సెప్పుకుంటారు.”

అధికార పక్షం ఈ విధంగా అంతమైంది.

చివరికి అధ్యక్షుడి ఇల్లు. రాజేశ్వరి గుమ్మంలోకి వచ్చింది. డబ్బా చూసింది, నా నుదురు చూసింది, అర్థమైంది. అత్తగారు లోపల నుంచి “ఎవులే?” అని అడుగుతోంది. ఒక్క మాట అంటే నేను వెనక్కి రావలసినదాన్ని. పిలుపు వద్దనే హక్కు ఎవరికైనా ఉంది.

“లిఫ్టు దగ్గరకి రావాలి,” అన్నాను. “మొన్న మా గుమ్మం దాకా వచ్చావు. మర్యాదకు మర్యాద.”

ఆమె లోపలికి ఒకసారి చూసింది. తరవాత తల వంచింది. బొట్టు కాస్త వంకరగా పడింది. చలి వల్ల.

లిఫ్టు తలుపు ముందు అందరూ కూర్చున్నాం. నడుమ తాడంత దారి కూడా వదలలేదు. సయోధ్య సభలో ఖాళీ కుర్చీలే ఉన్నాయని ఎవరో చెప్పారు. కాపలావాళ్లు సంపూర్ణను తెచ్చారు, మా దాకా వచ్చి ఆగిపోయారు. ఎవరినైనా దాటాలంటే సొంత మనిషినే దాటాలి.

అధ్యక్షుడు పరుగున వచ్చాడు. ముందు నన్ను చూశాడు.

“మీరు కూడానా పంతులమ్మగారూ? మిమ్మల్ని ఎవరు రెచ్చగొట్టారు? ఎవరు పిలిచారు?”

“ఎవరూ పిలవలేదు గున్నయ్యా. నువ్వూ పిలవలేదు, నా మనవరాలూ పిలవలేదు. రాసుకో. నీ పలకలో దానికి గడి ఉందేమో చూడు.”

అప్పుడు నా పక్కన కూర్చున్న మనిషిని చూశాడు. వంకర బొట్టుతో ఆయన భార్య.

“నువ్వెందుకొచ్చావు?” అన్నాడు. కొత్తకోన పుట్టాక అధ్యక్షుడు నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న ఇదొక్కటే.

“పిలిచారండీ,” అంది రాజేశ్వరి. “మీరూ కూర్చోండి. నిలబడితే చలి ఎక్కువ.”

కూర్చోలేదు. కానీ లిఫ్టు పైకి పోలేదు.

మంగళవారం. పంతొమ్మిది. పిండి పొంగింది.

సంపూర్ణ ఇంట్లో ఉంది. నిద్ర లేచి, ఇడ్లీలు తిని, అప్పుడు అడిగింది. “నన్ను అడగకుండా నా డబ్బా తీశావట. అయినా నిన్ను ఎవరు పిలిచారమ్మమ్మా?”

“ఎవరూ పిలవలేదు. ఇకమీదట ఇంట్లో వాళ్లను కూడా పిలవాలి. ఇది నియమం.”

“సరే,” అంది. నాలుగో ఇడ్లీ పెట్టుకుంది.

ఉదయం గోడ మాట్లాడింది. విచారణ పూర్తయింది. జనం తిరుగుబాటులో ఎందుకు చేరారో తేలింది: విదేశీ హస్తం. అంగారకుడి మీద మాకు మేమే విదేశం, ఇంకెవరూ లేరు. ఆ హస్తం ఎవరిదో గోడ చెప్పలేదు. నా ఉంగరం వేలికి ఎరుపు ఇంకా వదలలేదు. బూడిదతో తోముతున్నాను.

నివేదిక విడుదల సభ గురువారం మంటపంలో. పౌరులందరూ రావాలట. దీన్నే మమ్మల్ని స్వయంగా పిలిచినట్టుగా భావించాలట.

పోలమ్మ గోడ అవతల నుంచి కేకేసి అడిగింది, “మనల్నెవులైనా పిలిసారేటి పంతులమ్మగారూ?”

“లేదు,” అన్నాను.

“అయితే పప్పు నానబెట్టుకుంటాను,” అంది.